పింకీ ముందు నిలబడిన రోజు

మా బెల్లీ డ్యాన్స్ గుంపులో స్టెప్పులు ముందే కట్టుకోవడం ఉండదు. వేదిక మీద ఎడమ మూలన, అందరికంటే ముందు నిలబడ్డ మనిషి ఏం చేస్తే వెనకున్న వాళ్లం అదే చేయాలి. ఆమె చెయ్యెత్తితే ఎత్తాలి, తిరిగితే తిరగాలి, నడుము వణికిస్తే వణికించాలి. ఎందుకని అడక్కూడదు. ఆమె మొహం కూడా మాకు కనిపించదు, వీపే కనిపిస్తుంది. మా ఆయన దీన్ని గొర్రెదాటు అంటాడు. మేనేజరు తుమ్మితే టీమంతా చీదే ఆఫీసులో పనిచేసే మనిషి ఆ మాటంటే నాకు ఒళ్లు మండేది.

కొత్తగూడలో మందుల షాపు పైన మా స్టూడియో. దివ్య నేర్పుతుంది. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది నాలాగే పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని నడుము నొప్పితో వచ్చినవాళ్లే. పింకీ అలా రాలేదు. గోపన్‌పల్లి పిల్ల. రిసెప్షన్‌లో ఫోన్లు ఎత్తడానికి చేరి, మెల్లగా మా వరసలోకి వచ్చి, చివరికి మా అందరి ముందుకు వచ్చి నిలబడింది. నాకు మొదట్లో కాస్త కుళ్లుగానే ఉండేది, ఎందుకు దాచాలి? కానీ ఆ పిల్ల నవ్వుతూ "భార్గవక్కా, జర నడుం వదులు చెయ్యి" అంటే ఎంతసేపని కుళ్లుకుంటాం?

వచ్చే నెల నుంచి కొత్త బ్యాచికి పింకీనే నేర్పమని దివ్య అడిగింది. అడ్డం ఒక్కటే, వాళ్ల నాన్న మొగిలి. అపార్ట్‌మెంట్లకు నీళ్ల ట్యాంకరు తోలతాడు. కూతురు ఫోన్లు ఎత్తుతుందనే అనుకున్నాడు పాపం. ఎవడో పనిలేనివాడు ఫోన్లో ఆమె ఆట చూపించాడు. చాలా రోజులు కూతురితో మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాటన్నాడట: "ఒక్కసారి నా కండ్లతోని చూస్త. నేను తలెత్తుకునేటట్టుంటె ఆడు. లేకుంటె ఇగ ఆ గడప తొక్కకు."

అందుకే ఆ ఆదివారం మాకు పండగ, పింకీకి మాత్రం పరీక్ష.

చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్లంతా కలిసి ఖాళీ జాగాలో పెట్టిన పండగ అది. ఒకవైపు తిండి దుకాణాలు, ఇంకోవైపు ఇనుప పైపులతో కట్టిన వేదిక, ఆ పైపులకే లైట్లు. మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. సాయంత్రానికి తెరిపిచ్చినా, వేదిక మీద పరిచిన ఎర్ర తివాచీ అడుగు వేస్తే చపచపమంటోంది. మేం ఆడేది ఉత్తకాళ్లతో. దివ్య వెళ్లి పండగ నడిపిస్తున్న రవీందర్‌ని పట్టుకుంది. కాసేపు ఆగుదామంది.

"జర తడి, అంతే మేడం. బట్టేసి తుడిపిచ్చిన. ఫికర్ చెయ్యకుండ్రి. ఇప్పుడు ఆపితే పబ్లిక్ లేచి పోతది."

దివ్య మా వైపు తిరిగింది. "నాకు మనసొప్పట్లేదు. ఏం చేద్దామంటారు?"

ఎవరూ మాట్లాడకముందే పింకీ అంది. "చేద్దాం అక్కా. మా నాయిన అచ్చిండు. ఇయ్యాల చూడకుండ పోతె మల్ల రాడు."

తెర సందులోంచి చూశాను. రెండో వరస చివర తెల్లచొక్కా వేసుకుని, తల దించుకుని కూర్చున్నాడు, ఎవరి చావుకో వచ్చినట్టు. పింకీ ఆయన కోసమే పొట్ట మీద నల్లటి గుడ్డ అడ్డం కుట్టించుకుంది.

"భయపడొద్దు పింకీ, నీ వెనకాల మేమున్నాం కదా" అన్నాను.

పాట మొదలైంది. ఆ పిల్ల ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. తొందర లేదు, వెకిలితనం లేదు. చేతులు నీళ్లలో కదిలినట్టు కదిలాయి. మేం ఆమె వీపు చూస్తూ ఆమె వెంట నడిచాం. కాసేపటికి మొగిలి తలెత్తాడు. ఇంకాసేపటికి ముందుకు వంగి చూస్తున్నాడు. నా ఆట నేను ఆడుతూనే ఆయన్ని గమనిస్తున్నాను. అంత సంతోషం నాకు ఈ మధ్య కలగలేదు.

పాట చివరికొచ్చింది. పింకీ గుండ్రంగా తిరిగింది. తడి తివాచీ మీద కాలు జారి, పడిపోకుండా పక్కనున్న పైపు పట్టుకుంది. మాకు పైపు లేదు కాబట్టి ఆమెలాగే ఎడమ చెయ్యెత్తాం. ఆమె ఒళ్లంతా వణకడం మొదలైంది. మేమూ వణికించాం.

జనం ఈలలు వేశారు. పింకీ ఇంకా వేగంగా వణికింది, మేమూ వేగం పెంచాం. మొగిలి లేచి నిలబడ్డాడు. అందరితో పాటు చప్పట్లు కొడుతున్నాడు, రెండు చేతులూ తలపైకెత్తి. పిల్ల గెలిచింది అనుకున్నాను.

పాట ఆగింది. మేం ఆగాం. పింకీ నడుముకున్న బిళ్లల పట్టీ మాత్రం గలగలమంటూనే ఉంది.

అప్పుడు చూశాను, ఆమె వేళ్లు పైపుని వదలడం లేదు. "కరెంటు! కరెంటు!" అని అరిచాను. చప్పట్లలో నా అరుపు ఎవడికి వినిపిస్తుంది? దివ్య పరిగెత్తుకొచ్చి ప్లాస్టిక్ కుర్చీతో ఆమె చేతి మీద కొట్టింది, మళ్లీ కొట్టింది. ఎవరో జనరేటర్ ఆపారు. లైట్లన్నీ పోయాయి. చీకట్లో పింకీ పడిన చప్పుడు వినిపించింది.

దవాఖానలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. తెచ్చేటప్పటికే పోయిందన్నాడు. రవీందర్ తప్పు లైట్లవాడి మీద పెట్టాడు, లైట్లవాడు వాన మీద పెట్టాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. వాళ్లను అక్కడికక్కడే చెప్పుతో కొట్టాలనిపించింది. కానీ ఆ పిల్ల వణుకుతుంటే వెనక నిలబడి నేనూ వణికించాను కదా.

మొగిలి మెట్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఏడవడం లేదు. నన్ను చూసి లేవబోయాడు. నేనే ఆయన పక్కన కూర్చున్నాను, ఆ డ్యాన్సు బట్టలతోనే, పైన ఎవరిదో శాలువా కప్పుకుని.

"మేడం, మీరు బిడ్డ యనకనే ఉన్నరు గద. ఒక మాట చెప్పుండ్రి."

"అడగండి."

"నేను లేసి సప్పట్లు కొట్టిన. సూసిందా?"

ఏం చెప్పను? ఆమె మొహం నాకు కనిపిస్తే కదా! చూడలేదంటే, నాన్న ఒప్పుకున్న సంగతి తెలియకుండానే ఆ పిల్ల పోయింది. అంతకంటే అన్యాయం లేదనిపించింది. ఆయనకు ఆ ఒక్కటైనా మిగలాలనుకున్నాను.

"చూసిందన్నా" అన్నాను. "మీ వైపే చూసింది."

ఆయన మొహం కాస్త తేటపడింది. తల ఊపాడు. ఆ తర్వాత మెల్లగా, నేను చెప్పిందాంట్లో ఏముందో ఆయనకు అర్థమవుతున్నట్టు, ఆ తేటదనం పోయింది. రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"అయితె నన్ను పిల్సి ఉంటది మేడం" అన్నాడు. "నాయినా అని పిల్సే ఉంటది. నేను సప్పట్లు కొట్టుకుంటనే ఉన్న."