రెండు సగాల ముఖం

నేను ఒక ఫోన్ని. అందులోనూ ఎవరినీ ఓ పట్టాన నమ్మని ఫోన్ని. ఫ్యాక్టరీలో నాకు కబుర్లు మోయడం, ఫోటోలు తీయడం, పాటలు వినిపించడం అన్నీ నేర్పారు గానీ, గట్టిగా నూరిపోసింది మాత్రం ఒక్కటే: నా మనిషెవరో, కానివాడెవరో తేల్చుకోమని. అందుకోసం నాలో ఇద్దరు కాపలావాళ్లను పెట్టారు. ఒకడు పక్కమీటలో కూర్చుని వేలిగీతలు చదువుతాడు. రెండోవాడు పైనున్న చిన్న కంటిలో కూర్చుని ముఖాలు చదువుతాడు. ఇద్దరికీ క్షణం పడదు. ముఖానిదేముంది, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, దాన్ని నమ్ముకుంటే కొంప మునుగుతుందని వేలివాడు అంటాడు. వేలికి ముసుగు వేయక్కర్లేదు, కాస్త తడి తగిలితేనే గుర్తుపట్టలేవని ముఖంవాడు ఎదురుదెబ్బ కొడతాడు. ఇద్దరూ చేతులెత్తేస్తే ఇక మిగిలేది యజమాని పెట్టుకున్న నంబరే.

నా మొదటి యజమాని మచిలీపట్నంలో ఇన్సూరెన్సు ఏజెంటు. ఆయనది వేలి పద్ధతి. బండి నడుపుతూ, భోజనం చేస్తూ, ఎదుటివాడికి జీవితం ఎంత అశాశ్వతమో వివరిస్తూ, నా వైపు చూడకుండానే బొటనవేలు పెట్టేసేవాడు. ఆయన వేలు నాకు కంఠతా వచ్చింది గానీ ముఖం ఎలా ఉంటుందో సరిగ్గా తెలియదు. కొత్త ఫోన్ రాగానే నాలోంచి తన వేలిని చెరిపించి, అవనిగడ్డలో ఒక సెకండ్‌హ్యాండ్ ఫోన్ల కొట్టువాడికి ఇచ్చేసి వెళ్లిపోయాడు. అంతకాలం కలిసి తిరిగాం, పోయేటప్పుడైనా ఓసారి తేరిపార చూడలేదు.

ఆ కొట్టుకు ఒక మధ్యాహ్నం అర్ధనారీశ్వరుడు వచ్చాడు.

పగటివేషగాళ్లను చూడనివాళ్లకు ఇక్కడ కాస్త చెప్పాలి. వాళ్లకు వేదిక ఉండదు. పట్టపగలు వేషం కట్టుకుని వీధివెంట ఇల్లిల్లూ, కొట్టుకొట్టూ తిరిగి ఆడతారు. రోజుకో వేషం. అన్నిటికీ చివరన కట్టేది అర్ధనారీశ్వరం: ముఖం మధ్యన నిలువుగీత, కుడిపక్క బూడిద పూసుకున్న శివుడు, ఎడమపక్క పసుపు రాసుకున్న పార్వతి. చేతిలో చిన్న తెర. తెర ఇటు జరిపితే శివుడు ప్రశ్న అడుగుతాడు, అటు జరిపితే అదే గొంతు సన్నబడి పార్వతి జవాబు చెబుతుంది. దివిసీమలో ఆ వేషం కట్టడంలో సిద్ధలింగం తర్వాతే ఎవరైనా. ఆ రోజు ఆయనే కొట్టుముందు నిలబడి శివపార్వతుల సంవాదం చెప్పి, సంభావన అందుకున్నాక, అద్దాల బల్లలో నన్ను చూసి అదెంతని అడిగాడు.

బేరం కుదిరింది. కొట్టతను ఆయన బొటనవేలు తీసుకుని పక్కమీట మీద పెట్టించాడు. మళ్లీ పెట్టమన్నాడు. తుడిచి పెట్టమన్నాడు. వేలివాడు ఎంత వెతికినా చదవడానికి గీతలు దొరకలేదు. చిన్నప్పటి నుంచీ సానరాయి మీద రంగులు నూరీ నూరీ ఆ వేళ్లు నున్నబడిపోయాయి. మావాడు మొదటిసారి సిగ్గుపడటం చూశాను.

వేలు పనిచేయదు, ముఖం పెట్టుకుందాం, రంగు కడుక్కుని రేపు రమ్మన్నాడు కొట్టతను.

"ఊరు చుట్టి హారతి ఇచ్చేదాకా రంగు తీయకూడదు నాయనా," అన్నాడు సిద్ధలింగం. "రేపు ఏ ఊళ్లో ఉంటానో ఏమో. ఇప్పుడెవరు కనిపిస్తుంటే వాళ్లనే పెట్టు."

కొట్టతను నవ్వి, నన్ను ఆయన ముఖం ఎదురుగా పట్టుకున్నాడు. ముఖంవాడు తికమకపడ్డాడు పాపం. ఒకే ముఖం మీద రెండు కనుబొమలు రెండు తీర్లు, సగం మీసం, ఒక చెవికి రుద్రాక్ష, ఒక చెవికి బుట్టకమ్మ. అయినా వృత్తి వృత్తే గనక ఇద్దరినీ కలిపి ఒకరిగా గుర్తుపెట్టుకున్నాడు. నంబరు మాత్రం సిద్ధలింగం ఎవరికీ కనిపించకుండా చేయి అడ్డం పెట్టుకుని తనే నొక్కాడు.

మర్నాడు ఆయన రంగులేని ముఖంతో నా ముందుకొచ్చాడు. నేను తెరుచుకోలేదు. మరొకరైతే విసుక్కుని మార్పించుకునేవారు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎదుటివాడు పోల్చుకోలేకపోతేనే ఆ వృత్తిలో గెలిచినట్టు. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకుండా, బావమరిది మృత్యుంజయాన్ని ఎప్పుడైనా పందెంలో ఓడించాలని దాచిపెట్టుకున్నాడు. మామూలు రోజుల్లో నంబరు నొక్కేవాడు. వేషం కట్టిన రోజున మాత్రం, రంగు ఆరేదాకా తలుపు వేసుకుని ఒక్కడే కూర్చునే గదిలో, నన్ను ఎదురుగా పెట్టుకుని తెరిచేవాడు. ఆ గదిలోకి ఇంట్లోవాళ్లు రాకూడదు, గీత పూర్తికాని ముఖం చూడటం మంచిది కాదని వాళ్ల ఆచారం.

అక్కడే సంవాదం మొత్తం నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటలు వాళ్ల నాన్న నోటి నుంచి ఈయన చెవిలో పడ్డవే, కాగితం మీద ఎక్కడా లేవు. రంగు పడందే నోట మాట రాదనేవాడు, అందుకని వేషం కట్టిన రోజునే ఒక్కో భాగం రికార్డు చేసేవాడు. తలుపవతల కుట్టుమిషను దగ్గర కూతురు మల్లిక చెవులు రిక్కించి వినేది. వేషాల బట్టలన్నీ కుట్టేది ఆ పిల్లే; రంగులు నూరిపెట్టేదీ ఆ పిల్లే. మాటలు కూడా నేర్పమని ఎన్నోసార్లు అడిగింది.

"ఆడవేషం మగాడు కడితేనే వేషం. ఆడది కడితే అందులో ఏముందే?" అనేవాడు.

"సగం మగవేషమేగా నాన్నా," అనేది మల్లిక.

ఆయన ఆకలేస్తోందనో, మృత్యుంజయం రాలేదేమనో మాట మార్చేసేవాడు. సంవాదం మొత్తం నాకు అప్పగించిన వారానికి, వాకిట్లో పళ్లు తోముకుంటూ అలాగే పక్కకు ఒరిగిపోయాడు.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడిచేయి, కుడికాలు స్వాధీనంలో లేవు. ముఖంలో కుడి సగం జారిపోయింది. అన్నిటికన్నా ఘోరం, మాట పోయింది. రెండు గొంతులతో ఊళ్లను నిలబెట్టిన మనిషి మంచినీళ్లు కావాలని కూడా అడగలేడు. ఆయన భార్య గౌరమ్మ దేవుడి పటం ముందు నిలబడి, ఇదెక్కడి న్యాయమని నేరుగానే అడిగేది. నాక్కూడా అదే అడగాలనిపించేది.

మల్లికకు నేను గుర్తొచ్చాను. మాటలన్నీ నాలోనే ఉన్నాయి. నన్ను తీసుకెళ్లి ఆయన ముఖం ముందు పెట్టింది. నేను తెరుచుకోలేదు. జారిన సగాన్ని చేత్తో పైకి పట్టి చూపించింది. ఊహూ. బొటనవేలు పెట్టించింది, చూపుడువేలు పెట్టించింది. నంబరెంతని వేళ్లు చూపించమంటే ఆయన ఎడమచేతి వేళ్లు ఒకసారి ఒకలా, మరోసారి మరోలా లేచేవి. అంకెలు కూడా మాటలతోపాటే వెళ్లిపోయాయి.

ఆయన ఒకటే సైగ చేసేవాడు. ఎడమ చూపుడువేలితో నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా నిలువుగా గీసి, నన్ను చూపించేవాడు. "సగం మనిషినైపోయానని చెబుతున్నాడమ్మా," అని గౌరమ్మ ఏడ్చేది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ గీసేవాడు. ఆవిడ ఇంకా ఏడ్చేది. గీత ఎందుకో ఆ ఇంట్లో ఆయన తర్వాత తెలిసింది నాకొక్కదానికే. ప్రపంచంలో ఏ మూల మాటనైనా మోసుకొచ్చే నేను, ఆ ఒక్క ముక్క మాత్రం చెప్పలేకపోయాను.

రిపేరు కొట్టులో మల్లికకు రెండు సంగతులు చెప్పారు. నన్ను తెరిపించాలంటే లోపలున్నదంతా తుడిచేయాలి. రెండోది, నన్ను ఆరిపోనివ్వకూడదు. ఒకసారి ఆరి వెలిగితే వేలూ ముఖమూ దేన్నీ ఒప్పుకోను, నంబరే అడుగుతాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల నన్ను చంటిపిల్లలా చూసుకుంది. కరెంటు పోతే పక్కింట్లో ఉందేమోనని పరిగెత్తేది.

శివరాత్రి దగ్గరపడింది. మృత్యుంజయం వచ్చి బావ మంచం పక్కన కూర్చున్నాడు. హార్మోనియం వాయించేది ఆయనే. ఊళ్లవాళ్లు అర్ధనారీశ్వరం వస్తుందా అని అడుగుతున్నారట. పాట తనకు వచ్చు గానీ మాట బావకే వచ్చు, ఈ ఏటికి ఇంకేదైనా వేషం కట్టేవాణ్ని వెతుక్కుని తిరుగుదామన్నాడు. ఈ ఏడు ఆగితే ఇక ఆగినట్టేనని అందరికీ తెలుసు. సిద్ధలింగం ఎడమకంటి నుంచి నీరు కారి చెవిలోకి పోయింది.

మల్లిక అర్ధనారీశ్వరం బట్ట తీసింది, పెట్టెలో మడిచి పెట్టేముందు విడిపోయిన కుట్టు వేద్దామని. ఒక పక్క పులితోలు గుడ్డ, ఒక పక్క పట్టుచీర, మధ్యన నిలువునా కుట్టు. దాన్ని మంచం మీద పరిచి సూదిలో దారం ఎక్కిస్తుంటే సిద్ధలింగం ఎడమచేయి కదిలింది. వేలు ఆ కుట్టు వెంట పైనుంచి కిందికి నడిచింది. తర్వాత అదే వేలు ఆయన ముఖం మీద నుదుటి నుంచి గడ్డం దాకా నడిచింది. చివరికి నన్ను చూపించింది.

మల్లిక సూది పక్కన పెట్టింది.

"రంగుతో పెట్టావా నాన్నా?" అంది.

ఆయన తల ఊగింది. ఊగుతూనే ఉంది.

సానరాయి మీద అర్దళం నూరింది, ఆ పసుపుపచ్చ రంగు ఎడమ చెంపకు. కుడికి విభూతి. ఆచారం మాట మృత్యుంజయం గుర్తుచేయబోతే గౌరమ్మే ఆయన్ని ఆపింది. గీత గీసి, కనుబొమలు దిద్ది, సగం మీసం పెట్టి నన్ను ఎదురుగా పట్టుకుంది. ముఖంవాడు చూశాడు. పోలిక దగ్గరకొచ్చింది గానీ ఎక్కడో తేడా కొట్టింది. మల్లిక ఆ తేడాను నాకన్నా ముందే పట్టేసింది. జారిన పెదవిని బూడిదతో కప్పేసి, దాని పైన, పూర్వం శివుడి పెదవి ఎక్కడ ఉండేదో అక్కడ కొత్తది గీసింది. కన్ను కూడా కాస్త ఎత్తున దిద్దింది. మళ్లీ నన్ను పట్టుకుంది.

నేను తెరుచుకున్నాను.

ముందు మాటలన్నీ తన ఫోనుకు పంపించుకుంది. ఆ తర్వాతే వినిపించమంది. గదిలో సిద్ధలింగం గొంతు, పూర్వపు గొంతు, శివుడి ప్రశ్న రాగం తీసి అడిగింది. జవాబు నేను చెప్పేలోపు మంచం మీది నుంచి ఇంకో గొంతు లేచింది. మంచినీళ్లు అడగలేని మనిషి పార్వతి జవాబు పాడుతున్నాడు. ముద్దముద్దగా ఉంది, రాగం మాత్రం చెదరలేదు. మాట పోయినా పాట వేరే చోట దాక్కుని ఉంటుందని డాక్టరు తర్వాత చెప్పాడు. అప్పటికి మాకెవరికీ అది తెలియదు. మృత్యుంజయం హార్మోనియం కోసం తడుముకున్నాడు. గౌరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అంత సంతోషం నేను మోసిన ఏ కబురులోనూ లేదు.

శివరాత్రి నాటికి మల్లికకు సంవాదం నోటికి వచ్చేసింది. ఆ ఉదయం గదిలో తలుపు వేసుకుని తనే రంగు వేసుకుంది. బయటికొచ్చి తండ్రి కుర్చీ ముందు నిలబడింది. కుడిపక్క శివుడు, ఎడమపక్క పార్వతి, గీత వంకర లేదు. సిద్ధలింగం ఏమంటాడోనని అందరూ చూస్తున్నారు. ఆయన ఒళ్లో ఉన్న నన్ను ఎడమచేత్తో ఎత్తి, కూతురి ముఖానికి ఎదురుగా పట్టాడు.

ముఖంవాడు చూశాడు. కనుబొమలు చూశాడు, సగం మీసం చూశాడు, తండ్రి నుంచి వచ్చిన గడ్డం చూశాడు. వద్దు, అది వేరే మనిషి, అన్నాడు వేలివాడు. వాడన్నది నిజమే. అయినా నేను తెరుచుకున్నాను.

సిద్ధలింగం సగం పెదవితో నవ్వి, నన్ను పక్కన పెట్టి, ఆ చేత్తోనే తెర తీసి ఆ పిల్లకు అందించాడు.

నన్ను చేసినవాళ్ల లెక్కలో నేను పనికిరాని తాళాన్ని. నాకు మాత్రం నా జన్మలో సరిగ్గా గుర్తుపట్టింది ఆ ఒక్కసారే అనిపిస్తుంది. తర్వాత కొన్నాళ్లకు నా బ్యాటరీ ఉబ్బింది. అది తీసేయించారు, ఇక వెలగను. ఇప్పుడు నేను రంగులపెట్టెలో సానరాయి పక్కన ఉంటున్నాను. వేషం కట్టిన రోజున మల్లిక నన్ను బయటికి తీసి, నల్లబడిన నా గాజులో తన ముఖం చూసుకుని, మధ్యగీత నిటారుగా ఉందో లేదో సరిచూసుకుంటుంది. లోపల కాపలావాళ్లిద్దరూ ఎప్పుడో నిద్రపోయారు. అయినా ఆ ముఖం ఎదురుగా వచ్చినప్పుడల్లా నేను పోల్చుకుంటూనే ఉన్నాను.