బూట్లు విడిచిన గది

వావౌ దీవి కరెంటు ఆఫీసులో పదకొండు వేల వోల్టుల స్విచ్ గది ఉంది. దానికి కొత్త నేల ఎంచే పని లెసియెలి మీద పడింది. కళ్ళు మూసుకుని సంతకం పెట్టే మనిషి కాదామె. టైల్స్ తడిస్తే జారతాయంది, మెరిసే ప్లాస్టిక్ షీటును నమ్మలేమంది. చివరికి కరెంటును పారనివ్వని రబ్బరు మ్యాట్ తెప్పించింది. అందులోనూ గరుకు నల్లదాన్ని కాదని నున్నటి ఆకుపచ్చదాన్ని ఎంచుకుంది, చూడ్డానికి బాగుంది కదా అని. ఓడలో వచ్చినది స్విచ్ పానెళ్ళ ముందు భాగానికే సరిపోయింది. వెనక వట్టి సిమెంటు మిగిలింది.

సోమవారం పొద్దున వచ్చేసరికి గుమ్మం బయట నాలుగు జతల బూట్లు బారుగా ఉన్నాయి. లోపల ముగ్గురు మ్యాట్ మీద ఉన్నారు, సెమిసి వట్టి కాళ్ళతో పానెల్ వెనక్కి నడుస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్నవాడు, ఆమెకు పని నేర్పినవాడు. ఆ వెనక సిమెంటంతా సముద్రపు చెమ్మ.

"బాబాయ్, అక్కడే ఆగు. బూట్లేవి?"

"బయటున్నాయి. కొత్త చాప మీదికి బురద బూట్లతో ఎవరైనా వస్తారా?"

"ఇది చాప కాదు బాబాయ్. వెనక తడి నేల మీద కాలు పెట్టి ఏదైనా తగిలితే నువ్వు మిగలవు."

"పాత నేల మీద బూట్లతోనే తిరిగాం కదే. నువ్వే దీన్ని ఇల్లులా చేశావు. శనివారం సబ్బు పెట్టి తుడిపించాను కూడా."

అరికాలి మంట నెత్తికెక్కింది లెసియెలికి, కానీ ఎవరిని తిడుతుంది? ఆయనన్నది నిజమే. బూట్లు విప్పొద్దని బోర్డు రాసి పెట్టొచ్చు. పాకే వయసులో అమ్మ దగ్గర ఒంటబట్టిన మర్యాద బోర్డు చూసి పోతుందా?

ఆమె బయటికి వెళ్ళి బూట్లతో బురద తొక్కి వచ్చింది. ఆకుపచ్చ మ్యాట్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. అలాగే తిరిగి వచ్చింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఇక ఇది రోడ్డనుకోండి. వచ్చే ఓడలో ఆ నల్లదే తెప్పిస్తాను, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. అందాకా పానెళ్ళ వెనక్కి ఎవరూ పోవద్దు."

సెమిసి ఆ బురద అడుగుల వంక చాలాసేపు చూశాడు. బయటికెళ్ళి బూట్లు తొడుక్కుని, తల వంచుకుని లోపలికొచ్చాడు.

"మీ అమ్మకి చెప్పనులే," అన్నాడు.