భుజం మీద చెయ్యి

కుట్టుమిషను ముందు కూర్చున్న ఆ తల్లికి ఆ రోజు పొద్దుటి నుంచీ కుట్టుపని సాగడం లేదు. జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపువి కుట్టేసింది. విప్పి, మళ్లీ అదే తప్పు చేసింది. కారణం వింటే, ఓస్ ఇంతేనా అంటారు మీరు. ఇంటింటికీ తిరిగి, చూపూ వినికిడీ సరిగా లేని పిల్లల్ని లెక్క రాసుకునే సర్వే అమ్మాయి కింది వాటాలోకి వచ్చింది. ఇంకాసేపట్లో మెట్లెక్కి పైకి వస్తుంది. దానికే ఆ తల్లి గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయి.

ఆమె కూతురికి పుట్టుకతోనే వినికిడి లేదు. ఇంట్లో అందరూ గువ్వ అని పిలుస్తారు. వీధి చివరున్న బధిరుల బడిలో చదువుతోంది. సైగలతో ఆగకుండా కబుర్లు చెబుతుంది. నాన్నమ్మ మోకాళ్లు పట్టుకుని లేచే తీరును అచ్చం అలాగే చేసి చూపించి, ఆ నాన్నమ్మనే నవ్విస్తుంది. ఇందులో దాచడానికేమీ లేదు. దాచిన సంగతి వేరే. కొంతకాలంగా గువ్వకు చూపు తగ్గుతోంది. మొదట్లో పొద్దువాలితే గోడ పట్టుకుని నడిచేది. తర్వాత పక్కనే ఉన్న మంచినీళ్ల గ్లాసు కనపడక తన్నేది. ఇప్పుడు ఎదురుగా పుస్తకం పెట్టినా చిన్న అక్షరాలు పోల్చుకోలేకపోతోంది.

"దానికి పరాకెక్కువ, నా పోలికే" అని నాన్నమ్మ సర్దిచెప్పేది. తల్లి ఔనని తలూపేది. ఆమెకు నిజం తెలుసు. తెలిసే నోరు మెదపలేదు.

ఎందుకంటారా? వెనక వీధిలో ఉండే మెకానిక్ కూతుర్ని చూసింది కాబట్టి. ఆ పిల్లా ఇదే బడిలో చదివేది. కళ్లు కూడా పోతున్నాయని తెలియగానే బడివాళ్లు, సైగలు కనపడని పిల్లకి మేమెలా చెబుతాం, అంధుల బడికి తీసుకెళ్లండి అన్నారు. అంధుల బడివాళ్లు, మాట వినపడని పిల్లకి మేమెలా చెబుతాం అన్నారు. రెండు గుమ్మాలూ మూసుకుపోయాయి. ఒకసారి కుట్టిన బట్టలివ్వడానికి ఆ ఇంటికి వెళ్లినప్పుడు, వెనక గదిలో మూలన కూర్చున్న ఆ పిల్లని గువ్వ తల్లి చూసింది. గుప్పిట్లో ఏదో ఇనప నట్టు పట్టుకుని తిప్పుతూనే ఉంది. తలుపు తీశారని తెలియలేదు. మనిషి వచ్చిందని తెలియలేదు. తల్లి జాలిపడి చేయి వేస్తే, కాలినట్టు ఉలిక్కిపడి గోడకు అతుక్కుపోయింది. ఆ రోజు నుంచీ తల్లికి కంటిమీద కునుకు లేదు. ఆ మూలన కూర్చున్న పిల్ల ముఖానికి బదులు గువ్వ ముఖమే కనిపించేది.

అందుకే ఒక ఉపాయం పన్నింది. సర్వే అమ్మాయి చూపు పరీక్షకు ఒక అట్ట చూపిస్తుందని పక్కవాటా వాళ్ల దగ్గర ఆరా తీసింది. దాని మీద దువ్వెన పళ్లలా మూడు గీతల బొమ్మ ఉంటుంది. పళ్లు ఎటు తిరిగి ఉంటే పిల్ల అటు చెయ్యి చూపాలి. తల్లి గువ్వ వెనక నిలబడి ఆటలాగా నేర్పింది. కుడి భుజం నొక్కితే కుడివైపు, ఎడమ నొక్కితే ఎడమవైపు, మెడ తాకితే పైకి, నడుము తాకితే కిందికి. గువ్వ ఇట్టే పట్టేసింది.

సర్వే అమ్మాయి రానే వచ్చింది. చెమటలు తుడుచుకుంటూ, "అక్కా, పాప వినికిడి సంగతి బడిలో రాసుకున్నాను. చూపు కూడా ఒకసారి చూసి వెళ్లిపోతాను" అంది.

"కళ్లకేం? నిక్షేపంలా ఉన్నాయి" అంది తల్లి.

బాల్కనీ వెలుతుర్లో గువ్వని నిలబెట్టారు. తల్లి వెనక చేరి, పిల్ల బెదిరిపోతుందన్నట్టు భుజాల మీద చేతులు వేసింది. అట్ట తిరిగిన ప్రతిసారీ వేళ్లు నొక్కాయి. గువ్వ ఒక్కటీ తప్పలేదు.

"శభాష్" అని సర్వే అమ్మాయి రాసేసుకుంది. సంచిలోంచి రంగు పెన్సిల్ తీసి గువ్వ చేతిలో పెట్టింది. తల్లికి గండం గడిచిందనిపించింది. చేతులు తీసి, పమిటతో ముఖం తుడుచుకుంది.

ఆ కాస్త సేపట్లోనే గువ్వ పెన్సిల్ పట్టుకుని పరుగెత్తింది. కింద పక్కింటివాళ్లతో కబుర్లాడుతున్న నాన్నమ్మకు చూపించాలని. వెలుతుర్లోంచి మెట్ల చీకట్లోకి. ఆ మెట్లకు ఒకవైపు గోడ, రెండోవైపు ఏమీ లేదు. పిల్ల గోడ వైపు కాదు, ఖాళీ వైపు వెళ్తోంది.

తల్లి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఆగవే!" అని అరిచింది. వినపడదని తెలుసు, అయినా అరిచింది. చెయ్యి ఊపింది, అదీ కనపడదని తెలిసి. కాళ్లు మాత్రం కదలలేదు. తన బిడ్డని ఆపడానికి తన దగ్గర ఇంకేమీ లేదని ఆ క్షణంలో తెలిసొచ్చింది ఆ తల్లికి. గువ్వ పాదం గాల్లోకి లేచింది.

వెనకే ఉరికిన సర్వే అమ్మాయి పిల్ల గౌను దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ గోడకి కొట్టుకుని కూలబడ్డారు. పెన్సిల్ మాత్రం కింద ఎక్కడో పడిన చప్పుడు వినిపించింది.

గువ్వకి ఏం జరిగిందో అర్థం కాక, చేతులతో గోడ తడుముతోంది. సర్వే అమ్మాయి ఆ చేతుల వంకా, తల్లి వంకా చూసింది.

"అక్కా, పాపకి కనపడటం లేదు కదూ?"

తల్లి మెట్ల మీదే చతికిలబడి బావురుమంది. అంతా చెప్పేసింది. మెకానిక్ కూతుర్నీ చెప్పింది. "రాశావంటే దీన్నీ బడిలోంచి పంపేస్తారు. నీ కాళ్లు పట్టుకుంటాను, రాయకు తల్లీ."

"నేనూ గబగబా రాసేసి పోదామనుకున్నాను. నాదీ తప్పే" అంది ఆ అమ్మాయి. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "చూపూ వినికిడీ రెండూ తగ్గిన పిల్లలకి చేతిలో చెయ్యి వేసి నేర్పే టీచర్లు వేరే ఉంటారక్కా. మా ఊరికి ఒకర్ని పంపండని మేం అడుగుతూనే ఉన్నాం. పై అధికారులేమో, మీ ఊళ్లో అలాంటి పిల్లలే లేరు కదా, ఎవరి కోసం పంపాలి అంటున్నారు. ప్రతి ఇంట్లోనూ చెవుల సంగతి చెబుతారు, కళ్ల సంగతి మింగేస్తారు. రేపే టీచరొస్తుందని నేను మాటివ్వలేను. రాయకపోతే మాత్రం ఎప్పటికీ రాదు."

తల్లి గువ్వని ఒళ్లోకి లాక్కుంది.

"ఇంకోటి. ఇందాక నువ్వు చేసింది మోసమే, కాదనను. కానీ ఎటు నొక్కితే అటు చూపించింది చూశావా? తాకి చెబితే ఈ పిల్లకి అర్థమవుతోంది. చూపు పూర్తిగా పోకముందే మొదలుపెడితే ఎంతో నేర్చుకుంటుంది. ఆ మూలన కూర్చున్న పిల్లకి ఇదెవరూ చెప్పలేదు."

తల్లి భయం పోయిందని చెబితే నేను అబద్ధమాడినట్టే. అయినా లేచి గువ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రెండూ రాసుకో అమ్మా" అంది. "పద, ఆ మెకానిక్ ఇల్లు చూపిస్తాను."

మెకానిక్ గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు. చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ, "మా ఇంట్లో పిల్లలెవరూ లేరమ్మా, వెళ్లిరండి" అన్నాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో, నదురూ బెదురూ లేకుండా వచ్చేసింది. లోపల గదిలోంచి, గోడకు ఇనుము తగులుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

ఇలాంటి పిల్లలున్నారని రాస్తేనే చేతిలో చెయ్యి వేసి నేర్పే టీచర్ని అడగగలమని సర్వే అమ్మాయి చెప్పినా, అతను గుమ్మంలోంచి కదల్లేదు. తల్లి గువ్వని ముందుకు తెచ్చి నిలబెట్టింది.

"అన్నా, దీనికీ చూపు పోతోంది. ఇందాకే నేనూ నీలాగే అబద్ధం చెప్పాను. కాసేపటికి నా బిడ్డ శవాన్ని ఎత్తుకోవాల్సిన దాన్ని." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "మనకి భయమే, నాకూ భయమే. కానీ కన్నవాళ్లం మనమే పిల్లలు లేరని చెబుతుంటే, వాళ్ల కోసం ఇంకెవరొస్తారు?"

మెకానిక్ గువ్వ వంక చూశాడు. తర్వాత పక్కకు తప్పుకుని తలుపు తీశాడు.

"ఉంది" అన్నాడు. "నాకో కూతురుంది. రాసుకోండి."