పైనీళ్లు

రాప్తాడులో మా బోరు లారీకి మంచి పేరుంది. వేసినచోటల్లా నీళ్లు పడతాయని కాదు, పడేదాకా వదలమని. లారీ నడిపేది నేను, పీరాసాబ్‌ని. నేల తొలిచే రిగ్గు దగ్గర నిలబడేది ఎర్రన్న. సొంత చేనులో బోరు మీద బోరు లోతుగా వేసి అన్నీ ఎండబెట్టుకున్న మొండి మనిషి.

మొన్న వేసవిలో సముద్రం ఒడ్డున ఒక మునిసిపాలిటీ నుంచి పిలుపొచ్చింది. అక్కడ కూలికి పోయిన మా ఊరివాడొకడు మా గురించి గొప్పగా చెప్పాడట. కృపాకుమారమ్మ అనే ఆవిడ ఇంటి ముందు బోరు వేయాలి. వీధి మొత్తం తాగేది ఆమె బావి నీళ్లే, అది పూడిపోతోంది.

"మా తాత చిన్నప్పుడు ఇదంతా సముద్రమేనండీ," అందామె. "అది వెనక్కి పోతూ వదిలిన ఇసుక మీద ఊరు కట్టుకున్నారు. పక్క నగరం పెరిగి మమ్మల్ని ఆనుకుంటే మునిసిపాలిటీ అయ్యాం. నీళ్లు మాత్రం ఇప్పటికీ వానవే. ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంటాయి. లోతుకు పోకండి."

విన్నాడు ఎర్రన్న. విని ఏం లాభం! రిగ్గు తిప్పిన కాసేపటికే నీళ్లు ఎగజిమ్మాయి. మా వైపు ఆ లోతులో దుమ్ము తప్ప ఏమొస్తుంది?

"చాలు, ఆపన్నా," అన్నాను.

"ఇవి పైనీళ్లప్పా. నాలుగు నాళ్లకే పోతాయి. అసలుది కింద ఉండాది," అని ఇంకా దించాడు.

చివరికి వచ్చిన నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఉప్పు.

కృపాకుమారమ్మ మొహం పాలిపోయింది. "బావి కూడా ఉప్పయితే వీధి ఏం తాగాలయ్యా?"

ఎర్రన్న రిగ్గు పైకి లాగేశాడు. బంకమట్టి తెప్పించి, ఉప్పునీళ్లు పైకి రాకుండా ఆ రంధ్రంలో కిందినుంచి పైదాకా తనే కూరాడు. పొద్దు వాలుతుండగా ఆమె బావినీళ్లు తోడి రుచి చూసింది. తియ్యగానే ఉన్నాయి. నాకు ప్రాణం లేచివచ్చింది.

అప్పుడు ఎర్రన్న ఇసుకలో చతికిలబడి ఉత్త చేతులతో తవ్వాడు. మోచేయి లోతుకే నీళ్లు ఊరాయి. తాగాడు. నమ్మలేక మళ్లీ తాగాడు. ఏడుస్తూనే స్పీకర్ పెట్టి భార్య నల్లమ్మకు ఫోన్ చేశాడు.

"చేత్తో తవ్వితే నీళ్లొచ్చినాయి మే!"

"పొద్దు గూకకముందే మందు తాగినావా?"

ఫోన్ నీళ్ల దగ్గర పెట్టి, ఆ చప్పుడు ఆమెకు వినబడేలా చేత్తో కలబెట్టాడు.

"ఆ ఊరోళ్లకు చెప్పు," అంది నల్లమ్మ. "మన మాదిరి లోతుకు పోవద్దని చెప్పు."

ఎర్రన్న తలెత్తి కృపాకుమారమ్మను చూశాడు. ఆ మాట ఆమె పొద్దున్నే మాకు చెప్పింది.