ఎరుపు తీసే చుక్కలు

ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బస్సులు డిపో దాటని రోజుల్లో సైదులు స్టీరింగు వదిలి రోడ్డు మీద కూర్చున్నాడు. అతను ఆర్టీసీ డ్రైవరు. సొంతూరు నల్గొండ దగ్గర పల్లె, కాపురం మన్సూరాబాద్‌లో కిరాయి ఇంట్లో. ఒకనాడు ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో చేస్తుంటే పోలీసులు బాష్పవాయువు వదిలారు. సైదులు కళ్ళు నిప్పుల్లా మండాయి. తడుముకుంటూ తమ వీధి చివరి మందుల షాపుకు చేరాడు.

షాపు జోగారావుది. ఏలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. ఉద్యమం గురించి ఇద్దరూ రోజూ గొంతులు చించుకుని వాదించుకునేవారు. వాదన అయ్యాక ఒకే చాయ్ చెరిసగం తాగేవారు.

"చెప్తే విన్నావా? మా మీద పోరాటానికెళ్ళి కళ్ళు కాల్చుకొచ్చావ్" అంటూనే జోగారావు అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టాడు. నీళ్ళతో కళ్ళు కడిగి, చిన్న సీసా తీసి తనే చుక్కలు వేశాడు. "ఇది వాడు. తెల్లారేసరికి ఎరుపు ఉండదు."

నిజంగానే లేదు.

సమ్మె ముగిసింది. ఆ తర్వాత మెట్రో కోసం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా తవ్వారు. ఆ దుమ్ములో పగలంతా బస్సు నడిపితే సైదులుకు కళ్ళు దురదలు పెట్టేవి. చుక్కలు పడితే ప్రాణం హాయిగా ఉండేది. సీసా అయిపోగానే అతను చేయి చాపేవాడు, జోగారావు ఇచ్చేవాడు. డాక్టరు చీటీ ఆయన అడగలేదు, ఇతను చూపించలేదు.

అలా రెండేళ్ళు కావస్తుండగా, మూసారాంబాగ్ వంతెన దగ్గర ఎడమ పక్కనున్న స్కూటరును సైదులు బస్సు కొట్టేసింది. స్కూటరు మనిషి పడి చేయి విరిగింది.

"యాడికెల్లి ఒచ్చిండో, నాకు కండ్లవడలే" అన్నాడు సైదులు.

కండక్టరు స్వప్న వింతగా చూసింది. "చానాసేపటి సంది పక్కపొంటే ఒస్తుండు గదన్నా! హారన్ గూడ కొట్టిండు."

అధికారులు అతన్ని కంటి పరీక్షకు పంపారు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అతని కంటికి అద్దం ఆనించి చూసింది. లోపలి ఒత్తిడి కొలిచింది. నమ్మలేనట్టు మళ్ళీ కొలిచింది. ఏం మందులు వాడుతున్నావని అడిగితే సైదులు జేబులోంచి సీసా తీసిచ్చాడు. ఆమె మందు పేరు చదివి నిట్టూర్చింది.

"కంటి లోపల ఎప్పుడూ నీరు ఊరుతుంటుందయ్యా. కన్నీళ్ళు కాదు, అది వేరే. నల్లగుడ్డు అంచున జల్లెడలాంటి మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఆ నీరు అందులోంచే వడిసి బయటికి పోవాలి. నువ్వు వాడింది స్టెరాయిడు. అందరికీ ఇలా కాదు, కొందరి కళ్ళకు ఇది పడదు. ఆ జల్లెడ పూడుకుపోతుంది. నీరు నిలిచిపోయి, ఒత్తిడి పెరిగి, వెనకున్న నరం చచ్చిపోతుంది. దీన్నే గ్లకోమా అంటాం. నొప్పి తెలియదు. చూపును పక్కల నుంచి తినుకుంటూ వస్తుంది."

"చుక్కలు బంద్ జేస్తె మల్ల ఒస్తదా మేడం?"

"ఆపరేషన్ చేసి నీటికి వేరే దారి పెడతాం. ఉన్న చూపు కాపాడతాం. పోయింది రాదు."

బస్సు నడపడానికి పనికిరాడని తేల్చేశారు. భార్య రాములమ్మ గోడకానుకుని ఏడ్చింది. విద్యార్థి సంఘంలో తిరిగే కొడుకు సాయికుమార్ ఏడవలేదు.

"ఆంధ్రోడు నీ కండ్లు తీసిండు నాయినా. వాని దుకాణం ఉండనియ్యం."

"నువ్వు కదలకు. నేనే బోయి అడుగుత" అన్నాడు సైదులు.

అతను చెప్పిందంతా విని జోగారావు మొహం గంటు పెట్టుకున్నాడు. "నువ్వడిగితేనే ఇచ్చాను. బలవంతంగా పోశానా? ఎంతమందికి ఇచ్చాను, ఎవడికీ ఏం కాలేదు."

"గా మందు ఏందో ఎరకలేకనే ఇచ్చినవా అన్నా?"

"ఎరుపు తగ్గుద్దని తెలుసు. అంతే."

అంతలో వెనక గదిలోంచి జోగారావు తల్లి వెంకాయమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. గడప తన్నుకుని తూలింది. "అబ్బాయ్, కళ్ళు ఒకటే దురద. చుక్కలు వెయ్యరా."

జోగారావు చేయి అలవాటుగా అరలోకి వెళ్ళింది. తీసింది అదే సీసా.

సైదులు ఆ చేయి పట్టేశాడు. "వద్దన్నా! అమ్మకు ఎప్పటిసంది ఏస్తున్నవ్? రేపే దవాఖానకు తీస్కపో."

జోగారావు చేయి విదిలించుకున్నాడు. "మా అమ్మ సంగతి నువ్వు చెప్పాలా? పెద్దదైంది, చూపు ఆనడం లేదు. వెళ్ళు ఇక్కణ్ణుంచి."

కానీ సీసా మూత మాత్రం తీయలేదు.

ఆ సాయంత్రమే సాయికుమార్ గుంపుతో వచ్చి షాపు అద్దాలు పగలగొట్టాడు. "సైదులన్న కండ్లు సైదులన్నకియ్యాలె" అని నినాదాలు. సైదులు పరుగెత్తుకొచ్చి కొడుకు చెంప మీద కొట్టబోయాడు. గురి తప్పి దెబ్బ భుజం మీద పడింది. ఎవరో నవ్వారు.

జోగారావు గాజు పెంకుల మధ్య నిలబడి ఉన్నాడు. "పొద్దున నువ్వొచ్చావ్, సాయంత్రం వీళ్ళొచ్చారు. ఎవరు పంపారో నాకు తెలీదా?"

"నీ మీదొట్టు అన్నా, నేను..."

"నీతో కలిసి చాయ్ తాగాను చూడు, అదీ నా బుద్ధితక్కువ."

కొన్నాళ్ళకే జోగారావు షాపూ ఇల్లూ ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడు. రాష్ట్రం వచ్చింది. ఎల్బీనగర్‌లో టపాసులు కాలుస్తూ కుర్రాళ్ళు సైదులును భుజాలకెత్తుకుని ఫొటో దిగారు. ఆ తర్వాత వాళ్ళెవరూ అతని తలుపు తట్టలేదు. డిపోలో గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. తాను నడిపిన బస్సునే ఎవరో కొత్త కుర్రాడు బయటికి తీస్తుంటే సైదులు గేటు తెరిచి పక్కకు నిలబడేవాడు.

ఆపరేషను తర్వాత పరీక్షకు వెళ్ళినప్పుడు ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్న అతనికి వెంకాయమ్మ ఎదురైంది. కొడుకు భుజం మీద చేయి వేసి నడుస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎక్కడా నిలవడం లేదు. జోగారావు సైదులును చూసి ఆగిపోయాడు.

సైదులు లేచాడు. "పెద్దమ్మా, మంచిగున్నవా?"

ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. "ఎవరు బాబూ? ఎరిగిన గొంతులా ఉందే. ఎవర్రా అబ్బాయ్?"

జోగారావు అతని మొహం నుంచి చూపు తిప్పుకున్నాడు.

"ఎవరో లేమ్మా. పద."