మన అప్పు, మా ఫౌంటెన్

వీధి కుళాయి పీకేసి, ఆ చోట ఇనుప బిరడా బిగిస్తుంటే ముసలామె బిందె తియ్యలేదు. "ఇంకో నాలుగు చుక్కలు పడనియ్యి నాయనా," అంది. బిగించేవాడు బిందెను కాలితో నెట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి మురుగుకాలవలో పడింది. చుట్టూ ముప్పై మంది ఉన్నారు. ఒక్కరూ కిక్కురుమనలేదు.

వాల్వక్క కూడా అనలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది పుట్టుకతోనే ధైర్యం ఉన్నవాళ్ళ కథ కాదు.

వాల్వక్క అంటే ఆ పేటకు నీళ్ళు వదిలే మనిషి. రోజూ తెల్లవారుజామున తనంత ఎత్తున్న ఇనుప రాడ్డు భుజాన వేసుకొని వస్తుంది. రోడ్డు మధ్య గుంత మూత తీసి, లోపలి వాల్వును ఇరవై రెండు చుట్లు తిప్పుతుంది. నెమ్మదిగా తిప్పాలి. తొందరపడితే పైపులో గాలి బుసకొట్టి పాత అతుకులు ఊడిపోతాయి. తిప్పాక రాడ్డుకు చెవి ఆనించి, నీళ్ళు ఎంతవరకు వెళ్ళాయో వింటుంది.

భర్త పోయాక అతని పని ఆమెకు వచ్చింది, అతని రాడ్డుతో సహా. తొమ్మిదేళ్ళయింది. నీళ్ళు వస్తే ఆమె ఎవరికీ గుర్తు రాదు. రాకపోతే పేటంతా కలిసి తిడుతుంది. అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. మూత వేసి ఇంటికి పోతూ, గడప గడపకూ బిందెలు మోగడం వింటుంది. ఆమెతో మాట్లాడేవి ఆ బిందెలే. ఇంట్లో రెండు కంచాలున్నాయి, రెండోదాన్ని తోమే అవసరం రాలేదు.

మర్నాడు సాయంత్రం మున్సిపల్ కమిషనరు బడి హాల్లో మీటింగు పెట్టాడు. మర్యాదస్తుడే, చేతులు జోడించి మొదలుపెట్టాడు.

"చూడండమ్మా, మన అప్పు పీకల దాకా వచ్చింది. రేపు మన పిల్లలే కట్టాలి. కాబట్టి మనమంతా పొదుపు చెయ్యాలి. ఇంటింటికీ నీళ్ళు పొయ్యడం ప్రభుత్వం పని కాదు, పాలించడం ప్రభుత్వం పని. ఇక నుంచి కాంట్రాక్టరుగారి ట్యాంకరు వస్తుంది. బిందెకింత అని ఇచ్చి పట్టుకోండి. వాల్వు తిప్పే పోస్టు కూడా తీసేశాం."

తన ఉద్యోగం పోయిన సంగతి వాల్వక్కకు అలా నలుగురితో పాటే తెలిసింది. ఎవరూ ఆమె వైపు తిరిగి చూడలేదు.

టైలరు లేచాడు. పేటలో నలుగురూ మాట వినే మనిషి. "సారు చెప్పేది న్యాయమే. ఇంట్లో అప్పుంటే మనం కాఫీ మానెయ్యమా? ఊరికే వచ్చే నీళ్ళు ఎన్నాళ్ళు తాగుతాం?"

తలలు ఊగాయి. అప్పు అన్న మాట వింటే చాలు, బీదవాడి తల దానంతటదే వంగుతుంది. ఆ అప్పు చేసిందెవరని అడగడం కూడా మరిచిపోతాడు.

అడిగింది టైలరు కూతురు. కాలేజీలో చదువుతోంది. "సార్, ఆ అప్పు దేనికి చేశారు?"

"కొత్త ఆఫీసు భవనానికమ్మా. అభివృద్ధి పనులకు."

"ఆ భవనం ముందు పొద్దస్తమానం ఫౌంటెన్ ఆడుతోంది. అది కూడా ఆపేస్తారా?"

కమిషనరు నవ్వాడు. "అది మా ఆఫీసు ఆవరణ. మా ఫౌంటెన్ సంగతి మేం చూసుకుంటాంలే."

మీటింగు అయ్యాక గుమ్మం దగ్గర కాంట్రాక్టరు మనిషి వాల్వక్కను పట్టుకున్నాడు. "ట్యాంకరు మీద కూర్చుని టోకెన్లు చింపడమే పని. జీతం ఇంతకన్నా ఎక్కువే. శుక్రవారం లోపల ఆ రాడ్డు మాత్రం మాకిచ్చెయ్." ఆలోచించుకుంటానంది. నిజంగానే ఆలోచించింది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషికి ఒక నెల జీతం ఆగితే, అన్నం తిన్నావా అని అడిగే దిక్కుండదు.

అప్పటికి టైలరు కొట్టు ముందు జనం పోగయ్యి రభస మొదలైంది. వాల్వక్క ఎప్పటిలాగే దూరంగా, దీపస్తంభం దగ్గర నిలబడింది.

"నాన్నా, ఆయన మాట విన్నావా?" అంటోంది కూతురు. "అప్పు దగ్గరకొచ్చేసరికి 'మన' అన్నాడు. ఫౌంటెన్ దగ్గరకొచ్చేసరికి 'మా' అన్నాడు. ఖర్చు పెట్టేటప్పుడు మా, కట్టేటప్పుడు మన!"

"అంతేగా మరి," అంది ముసలామె. "అప్పు చేసి పప్పుకూడు వాళ్ళు తిన్నారు. చెయ్యి కడుక్కోడానికి మన నీళ్ళు కావాల్సొచ్చాయి."

అందరూ గొల్లుమన్నారు. టైలరు నవ్వలేదు. మెడలోని టేపును వేలికి చుట్టుకున్నాడు. "నేనే తప్పు చెప్పాను. ఇంట్లో అప్పుంటే కాఫీ మానేస్తాం. పిల్లలకు నీళ్ళు మానెయ్యం. మానిపించేవాడు ఇంటిపెద్ద ఎలా అవుతాడు?"

అప్పుడు వాల్వక్క నోరు తెరిచింది. "వాళ్ళ ఫౌంటెన్‌కీ మీ కుళాయిలకీ ఒకటే పైపు. మీ లైను మూస్తే వాళ్ళది ఇంకాస్త పైకి ఎగురుతుంది."

అందరూ తిరిగి చూశారు. టైలరు దగ్గరకొచ్చాడు. "మీ లైను ఏంటక్కా? నువ్వెక్కడి నీళ్ళు తాగుతున్నావు?"

ఆమె తొమ్మిదేళ్ళుగా ఆ మాటే అంటోంది, తప్పని ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున ఆమె రాడ్డుతో వచ్చింది, కాంట్రాక్టరు దగ్గరకు కాదు, గుంత దగ్గరకు. మూత మీద సిమెంటు పోసి ఉంది. ఎవరో గునపం తెచ్చి పగలగొట్టారు. లోపల వాల్వును బలమంతా పెట్టి బిగించేశారు, ఆమె ఒక్కదాని చేతికి కదల్లేదు. ఆ రాడ్డుకు రెండు చేతులకే చోటుందని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ రోజు ఎనిమిది చేతులు పట్టాయి. ఒకటి, రెండు అని ఆమె లెక్కపెడితే వీధంతా అందుకుంది. ఇరవై రెండు దగ్గర బిరడా ఊడదీసిన పైపులోంచి నీళ్ళు దూకాయి.

పోలీసులూ వచ్చారు. "ఎవరు తిప్పింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను," అంది వాల్వక్క. అలవాటు అలాంటిది.

"నేను అంటావేంటే!" ముసలామె కోపంగా ముందుకొచ్చింది. "నా చేతికి బొబ్బలు ఊరికే వచ్చాయా? మేం తిప్పాం, రాసుకోవయ్యా!"

ఇన్‌స్పెక్టరు రాసుకోలేదు. పేటంతటినీ జైల్లో పెట్టడం కష్టం, ఒక్క మనిషిని పెట్టడం సులువు. ఆమెనే వ్యానెక్కించాడు. "రాడ్డేదీ?" అని అరిచాడు. అది అప్పటికే చేతులు మారుతూ గుంపులో కలిసిపోయింది.

"ఏ రాడ్డు సార్?" అన్నారు నలభై మంది.

వ్యాను తలుపు పడబోతుంటే వాల్వక్క టైలరు కూతురితో అంది, "ఇరవై రెండు. నెమ్మదిగా."

స్టేషన్లో ఆమెను ఒక్కదాన్నే ఒక గదిలో పెట్టారు. సాయంత్రానికి వాల్వు మళ్ళీ మూసేసి సిమెంటు పోశారని కాపలా కానిస్టేబులు చెప్పాడు. అతని క్వార్టరు స్టేషను వెనకే. అదీ పేట లైనే, అతని ఇంటికీ నీళ్ళు ఆగిపోయాయి.

ఒంటరితనం ఆమెకు కొత్త కాదు. కానీ పొద్దున తన చేతుల పక్కన ఆరు చేతులున్నాయి. ఆ తర్వాత ఒంటరిగా ఉండటం ఇంత కష్టమని ఆమెకు ఇంతకు ముందు తెలియదు.

తెల్లవారుజామున వేళకు మెలకువ వచ్చింది. గోడ వెంట ఒక పైపు పోతోంది. చెవి ఆనించింది. ఏమీ లేదు. ఎవరొస్తారు, ఎవరి బతుకు వాళ్ళది, నిన్నటి ఊపు నిన్నటితో సరి అనుకుంది. అయినా చెవి తియ్యలేదు.

పైపులో గాలి బుస్సుమంది.

కొత్త చేతులు. ఒకటే తొందర. "నెమ్మదిగా అన్నానా లేదా!" అని ఆమె పైపును తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. బుస తగ్గింది. అవతల ఎవరో వేగం తగ్గించారు. నీళ్ళు గోడ వెంట గలగలా వెళ్ళిపోయాయి.

బయట బకెట్టు చప్పుడైంది. కానిస్టేబులు పరుగున వచ్చాడు. "అక్కా! మనకి నీళ్ళొచ్చాయి!"

ఆ మాట అన్నాక తనే ఉలిక్కిపడి ఇన్‌స్పెక్టరు గది వైపు చూశాడు. తర్వాత బకెట్టు కుళాయి కింద పెట్టాడు.