మోత లేని బండి

పదిహేడో సంచి కొక్కేనికి తగిలించేసరికే విచియన్‌కు భుజాలు లాగేశాయి. అదే ఇనుప చట్రం, అవే కొక్కేలు. పాత బండి మీద ఉన్నన్నాళ్ళూ నిలబడ్డచోటు నుంచే చేతికి అందేవి. నిన్న వెల్డింగు షాపువాడు ఆ చట్రాన్ని ఊడదీసి కొత్త బండికి బిగించాడు. కొత్తది పాతదానికన్నా జానెడున్నర ఎత్తు, దాంతో ప్రతి సంచికీ మడమలెత్తాల్సి వస్తోంది. రెండు టమాటాలూ గుప్పెడు మిరపకాయలూ ఒక సంచి, నిమ్మగడ్డీ అల్లం ఒక సంచి, కోసిన గుమ్మడిముక్కలు ఇంకోటి. ఇలాంటివి నూటయాభై సంచులు బండి చుట్టూ వేలాడితేగాని ఊరూరా తిరిగే అతని దుకాణం తెరిచినట్టు కాదు.

కొత్తదంటే మరీ కొత్తదేం కాదు, ఎవరో ఆరేళ్ళు వాడి వదిలిందే. కానీ చింతచెట్టు కింద నిలబడ్డ పాతదాని పక్కన పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. పాతదానికి ఇరవయ్యారేళ్ళు. తలుపు కాస్త పైకెత్తి మూస్తేనే పడుతుంది. కిటికీ అద్దం కిందికి దిగి నాలుగేళ్ళయింది, మళ్ళీ పైకి రాలేదు. కాళ్ళ దగ్గర రేకు తుప్పుపట్టి, నడుపుతుంటే రోడ్డు కనిపిస్తుంది. పోయిన వానాకాలంలో మూడుసార్లు కొండ మధ్యలో ఆగిపోయి, కూరలన్నీ కుళ్ళబెట్టింది. ఆ మూడోసారే అతని భార్య లామ్‌దువన్ ఇక చాలంది.

చట్రం పోయాక, సరుకులు మోసిన పాతదాని వీపు బోసిగా ఉంది. విచియన్‌కు అటు చూడబుద్ధి కాలేదు, చూడకుండానూ ఉండలేకపోయాడు.

“ఏమయ్యా, దాన్నలా చూస్తూ నిలబడితే తెల్లారిపోద్ది. సాయంత్రం ఐదింటికి పాత బళ్ళవాడు వచ్చి పట్టుకుపోతాడు,” అంది లామ్‌దువన్. కొత్త బండి అద్దానికి మల్లెదండ వేలాడదీసి, అగరొత్తులు వెలిగించి, బండిని కాచే దేవతకు దణ్ణం పెట్టింది. “బండి తల్లీ, ఆ ముసలిదాన్ని వదిలేసి ఇందులోకి వచ్చి కూచో. మా ఆయన్ని చల్లగా చూడు.”

“వస్తుందంటావా?”

“ఏసీ ఉంటే రాకేం చేస్తుంది!”

విచియన్ నవ్వాడు కానీ మనసు మనసులో లేదు. అతని దిగులంతా బువఫాన్ అవ్వ గురించి.

దారిలో చివరి ఇల్లు ఆవిడది. లోయి కొండల్లో, నాఫు ఊరు దాటాక, రెండు మలుపులు తిరిగితే వెదురు గేటు. గేటు నుంచి ఎనభై అడుగులు పైకి నడిస్తే, గుంజల మీద కట్టిన చెక్క ఇల్లు. ఎనభై రెండేళ్ళ మనిషి, ఒక్కతే ఉంటుంది. చెవుడు. పక్కన నిలబడి అరిచినా సగమే వినపడుతుంది. కానీ పాత బండి కింది మలుపులో దగ్గడం మొదలుపెట్టగానే ఆవిడకు తెలిసిపోయేది. కర్ర పట్టుకుని మెట్లు దిగి, ఆ ఎనభై అడుగులూ నడిచి, బండి వచ్చేసరికి గేటు దగ్గర ఉండేది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. గేటుకున్న మేకుకు కర్ర తగిలించి, రెండు చేతులతో చేపల గంపలన్నీ తిరగేసి, చివరికి ఎప్పుడూ కొనేదే కొనేది. ఆవిరిమీద ఉడికించిన చిన్న చేపలు, జత.

“అంత చెవుడు కదా, నా బండి ఎట్లా వినపడుతుందే అవ్వా?” అని ఒకసారి అడిగాడు.

“చెవికెక్కడ వినపడుతుందిరా వెర్రోడా! నీ డొక్కుబండి మోతకు నా ఇంటి చెక్కలు వణుకుతాయి. కాళ్ళకు తెలుస్తుంది,” అంది.

నిన్న ఆవిడకు కొత్త బండి సంగతి చెప్పాడు. మోత ఉండదన్నాడు. ఆవిడ మూతి ముడిచింది.

“మోత లేని బండి బండేనా? మరి నేనెట్లా దిగను?”

“హారన్ కొడతాలే.”

“నా చెవులకు నీ హారనా! పోరా.”

“సరే, నువ్వు కనబడకపోతే నేనే పైకొచ్చి పిలుస్తా. మాట.”

“ఆ మోకాళ్ళతోనా?” అని పకపకా నవ్వింది. అయినా అతను చేతిలో చెయ్యేసి మరీ మాటిచ్చాడు.

ఆరున్నరకు బయల్దేరాడు. కొత్త బండి కదిలినట్టే తెలియలేదు. బెల్టు పెట్టుకోకపోతే కుయ్యోమంది, వెనక్కి తీస్తే ఇంకోరకంగా కుయ్యోమంది. అద్దాలు మూసి చల్లగాలి పెట్టుకుంటే వీపున చెమట ఆరిపోయింది. సీటులో కూర్చుంటే నడుం నొప్పే లేదు. హాయిగా ఉంది, కాదంటే కళ్ళు పోతాయి. కానీ దారిలో పంది కొట్టాల వాసన, తడిసిన వరిగడ్డి వాసన, పొయ్యిల పొగ ఏదీ లోపలికి రాలేదు. ఏ ఊరు వచ్చిందో ముక్కుకు తెలియడం లేదు, కళ్ళతో చూసుకోవాల్సి వచ్చింది.

మొదటి ఊరిలోనే ఆలస్యం మొదలైంది. ముసలమ్మలెవరికీ సంచులు అందడం లేదు. ప్రతిదానికీ అతనే దిగి, తీసి, చూపించి, వాళ్ళు వద్దంటే మళ్ళీ తగిలించి, ఇంకోటి తీయాలి. ప్లాస్టిక్ స్టూలు వేస్తే ఒకావిడ ఎక్కబోయి తూలింది, ఆవిణ్ణి పట్టుకునేసరికి గుడ్లు పగిలాయి. నాఫులో పచారీ కొట్టు మాలై నడుం మీద చేతులు పెట్టుకుని బండి చుట్టూ తిరిగింది. వెనకవైపు లామ్‌దువన్ అంటించిన చీటీ చదివి ఆగింది.

“ఏం మామా, తెల్లబండి మీద ‘ఈ బండి నల్లనిది’ అని రాసుకున్నావు, కళ్ళు గానీ పోయాయా?”

“మంగళవారం పుట్టినోడికి తెలుపు అచ్చిరాదట. మీ అత్త అంటించింది.”

“గ్రహాలకు చదువొచ్చన్నమాట!” అని మాలై విరగబడి నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. “బాగుంది మామా, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. ఆ డొక్కుదయితే నువ్వు ఊళ్ళోకి రాకముందే తెలిసిపోయేది, బియ్యం పొయ్యి మీద పెట్టి వచ్చేదాన్ని. ఇవాళ నువ్వొచ్చిందే తెలీలా. అవ్వకెట్లా తెలుస్తుందో ఏమో!”

ఆ మాట గుచ్చుకుంది. గడియారం చూస్తే పదిన్నర. తొమ్మిదిన్నరకల్లా అవ్వ గేటు దగ్గర ఉండాల్సినవాడు.

రెండు మలుపులూ చప్పుడు లేకుండా ఎక్కేసింది కొత్త బండి. గేటు దగ్గర ఎవరూ లేరు. మేకు ఖాళీగా ఉంది.

హారన్ కొట్టాడు. మూడుసార్లు కొట్టాడు. దిగి, నోటికి చేతులు అడ్డుపెట్టి “అవ్వా!” అని కేకేశాడు. పైన ఇల్లు అలాగే ఉంది. వచ్చి, గంటసేపు ఎదురుచూసి, తిట్టుకుంటూ పైకి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాడు. లేకపోతే అసలు తెలిసే ఉండదు, ఎట్లా తెలుస్తుంది? ఇచ్చిన మాట గుర్తుంది. ఎనభై అడుగుల ఎక్కుడు చూశాడు. పొద్దుటినుంచి ఎక్కీ దిగీ మోకాళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. పెట్టెలో ఐసు కరిగి మాంసం నీళ్ళోడుతోంది. తిరుగుదారిలోని బడి వంటావిడ సరుకుల కోసం అప్పటికే రెండుసార్లు ఫోను చేసింది. ఇంజను ఆపలేదేమో, బండి లోపల్నుంచి ఏదో కుయ్యోమంటూనే ఉంది.

రేపు ఎక్కుదాంలే అనుకున్నాడు. మంచి జత ఏరి, అరటాకులో చుట్టి, సంచిలో వేసి, ఆవిడ కర్ర తగిలించే మేకుకు తగిలించాడు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి చేరేసరికి నాలుగు దాటింది. లామ్‌దువన్ మంచినీళ్ళిచ్చి, మొదట అడిగిన మాట అదే.

“అవ్వేమంది బండి చూసి? దుమ్మెత్తిపోసిందా?”

“దిగలేదు. వినపడలేదు.”

“పైకెళ్ళి చెప్పలేదూ?”

అతను ఇంకో గ్లాసు నీళ్ళు ముంచుకున్నాడు.

“మాటిచ్చి వచ్చానన్నావు కదయ్యా.”

“ఆలస్యమైపోయిందే.”

లామ్‌దువన్ మిగిలిన సంచులు దించడానికి వెళ్ళింది. తిట్టినా బాగుండేది. విచియన్ గ్లాసు కింద పెట్టి, అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు తట్టింది అతనికి. పొద్దున్న ఆ ఇంటి మీద పొగ ఉందా? రోజూ ఆ వేళకు పొయ్యి పొగ, ఆవిరిపట్టిన జిగురుబియ్యం వాసన కిందిదాకా వచ్చేవి. ఇవాళ అద్దాలు మూసుకుని వెళ్ళాడు. దిగినప్పుడైనా చూశాడా? చూసినట్టు గుర్తులేదు. పాత బండిలో వెళ్ళిన రోజు ఆవిడ గేటు దగ్గర లేకపోతే ఏం చేసేవాడు? పరుగెత్తేవాడు. మోకాళ్ళూ ఐసూ ఏవీ గుర్తొచ్చేవి కావు.

పాత బళ్ళవాడు ఇంకా రాలేదు. విచియన్ చింతచెట్టు కిందికి నడిచి, తలుపు పైకెత్తి తీశాడు.

“కొత్తది ఉండగా దాన్నెందుకయ్యా?” అంది లామ్‌దువన్.

“ఇదైతే తెలుస్తుంది,” అన్నాడు.

నాలుగో తిప్పుకు ఇంజను అందుకుంది. కొండ కిందికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మొదటి మలుపులో బండి ఎప్పటిలాగే దగ్గింది. అతను కావాలని గేరు తగ్గించి ఇంకా దగ్గించాడు. రేకులన్నీ దడదడలాడాయి. దిగు అవ్వా, దిగు, తిట్టడానికైనా దిగు, అనుకుంటూ ఎక్కించాడు. రెండో మలుపు తిరిగాడు.

గేటు దగ్గర ఎవరూ లేరు. మేకుకు సంచి అతను తగిలించినట్టే ఉంది. చీమలు బారులు తీరాయి.

ఎనభై అడుగులూ ఎప్పుడు ఎక్కాడో తెలియదు. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. రాత్రి నానబోసిన బియ్యం నీళ్ళలోనే ఉండి పులిసిన వాసన వస్తోంది. అవ్వ దోమతెర లోపల, గోడవైపు ఒత్తిగిలి ఉంది. కర్ర పక్కనే ఆనించి ఉంది.

ఊరి పెద్ద సనిత్, ఆరోగ్య కేంద్రం నర్సు చీకటి పడకముందే వచ్చారు. తెల్లవారకముందే నిద్రలో పోయి ఉంటుందని నర్సు చెప్పింది.

“నువ్వొచ్చేసరికే లేదు మనిషి. నీ తప్పేముందయ్యా ఇందులో?” అన్నాడు సనిత్.

విచియన్ తల ఊపాడు. తప్పు లేదని అతనికీ తెలుసు. కానీ పంతొమ్మిదేళ్ళలో దిగని ఒకే ఒక్కరోజు, బండి వినపడలేదనుకుని చేపలు తగిలించి పోయాడు. పగలంతా ఆవిడ అలాగే పడి ఉంది. ఈ ముక్క ఎవరికి చెప్పుకోవాలో అతనికి తెలియలేదు.

దహనానికి బౌద్ధ గుడికి తీసుకెళ్ళాలి. సనిత్ బండి నాలుగు తలుపులది, వెనక జాగా పొట్టి. కాళ్ళు బయటికి వస్తాయని ఒప్పుకోలేదెవరూ. పాత బండి వీపు బోసిగా, పొడుగ్గా ఉంది. అవ్వను చాపతో సహా అందులో పడుకోబెడితే వెనక తలుపు మూసినా ఇంకా జానెడు మిగిలింది. సనిత్ వెలిగించిన అగరొత్తులు పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. పోయినవాళ్ళ ప్రాణం దారి తప్పకుండా మలుపు మలుపునా చెప్పాలి. ఆవిడ తరఫు వాళ్ళెవరూ లేరు.

“నువ్వే చెప్పు,” అన్నాడు సనిత్.

విచియన్ ఇంజను తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. అద్దం లేని కిటికీలోంచి మెడ బయటికి పెట్టాడు.

“అవ్వా, బయల్దేరుతున్నాం. మలుపొస్తోంది, చూసుకుని రా. ఇదిగో, మోత వినపడుతోందిగా, దీని వెనకే రా.”

గేరు తగ్గించాడు. బండి దగ్గుకుంటూ, దడదడలాడుతూ మలుపు దిగింది. పైన ఇంటి చెక్కలు వణికే ఉంటాయి. గేటు మూయడం ఎవరికీ గుర్తు రాలేదు. దాని మేకుకు, కర్ర ఉండాల్సిన చోట, రెండు చేపల సంచి వేలాడుతూనే ఉంది.